మా పేర్లను విరవకండి: ఆన్‌లైన్ ఫారాలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ దరఖాస్తులు, యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు, వాటికి ఆమోదముద్ర వేసే ప్రభుత్వ శాఖల, బ్యాంకుల, బీమా సంస్థల అధికారులకు,

నమస్కారం.

నేను 33 ఏళ్లు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచర్ని. పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితాలు, రాసే పని ఏటా నాకే అప్పగించేవారు. పిల్లనో పిల్లవాడినో పక్కన నిలబెట్టుకుని, అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని, ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరం పలికించి రాసేదాన్ని. ఆ కాగితంలో పేరుకు ఉండేది ఒకటే గీత. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ గీత మీద పట్టని తెలుగు పేరు ఒక్కటీ నాకు తగల్లేదు.

ఇప్పుడు నా పేరే మీ గడుల్లో పట్టడం లేదు.

నా భర్త పోయి రెండేళ్లు కావస్తోంది. ఉద్యోగంలో ఉండగా ఆయన ఒక సంస్థలో కొంత డబ్బు దాచి, నామినీగా నా పేరు రాశారు. అత్తింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు పెట్టి, ఆ తర్వాత నా పేరు రాశారు. నా చదువు సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి కాబట్టి ఆధార్‌లోనూ అదే పడింది, అదీ పూర్తిగా. ఆన్‌లైన్‌లో నాలుగుసార్లు క్లెయిము పెట్టాను. నాలుగుసార్లూ ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని తిరిగొచ్చింది. రేషన్ కార్డు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, రెండు పేర్లూ ఒక మనిషివేనని నోటరీ అఫిడవిట్, అన్నీ జతచేశాను. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. “టీచర్ గారూ, మీరెవరో నాకు తెలీదాండీ. సిస్టమ్ తీసుకోవట్లేదండి” అని తల దించుకున్నాడు. ఆ సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మూసేశాం అని.

నా ఒక్కదాని డబ్బు సంగతే అయితే ఇంకో నాలుగు ఉత్తరాలు రాసి ఊరుకునేదాన్ని. కానీ సాయంత్రమైతే మా అరుగు మీదకు ఫోన్లు పట్టుకుని మనుషులొస్తారు. ఒకరికి స్కాలర్‌షిప్ ఆగింది, ఒకరికి పింఛను, ఒకరికి విమానం టికెట్టు. ఫారం తెరిచి చూస్తే పది కేసుల్లో ఆరేడింటికి కారణం పేరే. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

మీలో ఎంతోమంది తెలుగువారేనని నాకు తెలుసు. వాళ్లలో కొందరి పేర్లు నామినల్ రోల్స్‌లో రాసింది నేనే. మీ పేర్లూ ఇలాగే విరిగి ఉంటాయి. అయినా మీరు కొత్తగా తయారుచేసే ప్రతి ఫారంలోనూ అవే రెండు గడులు కనిపిస్తున్నాయి: ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్.

ఫస్ట్ అంటే మొదటిది. మా పేరులో మొదట వచ్చేది ఇంటిపేరు. కాబట్టి చదువుకున్నవాడైనా మొదటి గడిలో ఇంటిపేరే రాస్తాడు. మీరు అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే. మీ ఉద్దేశంలో మాత్రం ఫస్ట్ నేమ్ అంటే పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ అంటే వంశం పేరు. ఆ సంగతి ఫారం మీద ఎక్కడా ఉండదు. ఉన్నా ఇంగ్లీషులో, ఎర్రచుక్క పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోసారి నింపేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు తిరగేసి రాస్తాడు. మూడోసారి, గడి ఖాళీగా వదలనివ్వదు కాబట్టి ‘శ్రీనివాసరావు’ను రెండుగా కోసి, ‘రావు’ను లాస్ట్ నేమ్‌లో పెడతాడు. ఒకే మనిషికి మూడు పేర్లు తయారవుతాయి.

‘రావు’ మాలో చాలామందికి ఇంటిపేరు కాదు. పాములపర్తి వెంకట నరసింహారావు గారు 1991 నుంచి 1996 వరకు ప్రధానిగా ఉంటే, ఇంగ్లీషు పత్రికలు ఆయన్ని ‘మిస్టర్ రావ్’ అని రాశాయి. మనకు ఆయన పి.వి. ఆ రెండక్షరాల్లో మొదటిది ఇంటిపేరు. ప్రధానమంత్రి కాబట్టి ఎలా రాసినా ఆయన పని ఆగలేదు. మాకు ఆగుతోంది. ఎక్కడెక్కడ ఆగుతోందో చెబుతాను.

1. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి. పాన్ దరఖాస్తులో మూడు, వాటిలో లాస్ట్ నేమ్ తప్పనిసరి. ఇలా వేర్వేరుగా అడిగి పుచ్చుకున్న పేర్లను, రెండూ సరిపోవాలి, కార్డులు జతచేసుకోండి అన్నారు. 2023 జూన్ 30తో గడువు ముగిసింది. ఆలోగా జతపడని పాన్ పనిచేయకుండా పోయింది, మళ్లీ బతికించుకోవడానికి 1,000 రూపాయలు కట్టాలి. పాన్ పనిచేయకపోతే బ్యాంకు వడ్డీ మీద పన్ను ఎక్కువ కోస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పది అక్షరాల పాన్ నంబరులో ఐదోది, మీరు లాస్ట్ నేమ్‌గా పుచ్చుకున్న మాటలోని మొదటి అక్షరం. ఆ రోజు గడిలో ‘రావు’ పడితే ఆర్, ‘కుమార్’ పడితే కె. తర్వాత పేరు సరిచేయించుకున్నా నంబరు మారదు. ఒక మధ్యాహ్నం ఎవరో ఏజెంటు హడావిడిగా చేసిన కోత ఆ మనిషి నంబరులో చచ్చేదాకా ఉండిపోతుంది.

2. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులు. తెలియకనో, ఎవరో చెప్పబట్టో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకేచోట రాయించుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒంటి పేరున్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించేలోగా, టికెట్లు కొనుక్కున్నవాళ్లు బెంబేలెత్తిపోయారు. అమెరికా వీసాల్లో మరో అవస్థ. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టు చూస్తే, ఉన్న పేరంతా సర్‌నేమ్ గడిలోకి తోసి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. బారసాల చేసి, చెవిలో మూడుసార్లు చెప్పి పెట్టుకున్న పేరు. పరాయి దేశం వెళ్లిన ఒక పిల్లవాడి లైసెన్సు మీద, బ్యాంకు కార్డు మీద ‘ఎఫ్.ఎన్.యు.’ అని ఉంటే వాళ్లమ్మ ఫోన్లో నన్నడిగింది, అదేం పేరు టీచర్ గారూ అని.

3. పొలం కాగితాల్లో, బడి కాగితాల్లో ఇదే గొడవ. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో కొందరికి వెనక ఉంటుంది. పీఎం కిసాన్ కింద రైతుకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా రావాలంటే పేరు ఆధార్‌తో కుదరాలి. బడి పిల్లలకు ఇప్పుడు అపార్ నంబరు, అంటే చదువు రికార్డులకు శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తున్నారు. దానికీ బడి రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా ఉండాలి. ఆరేళ్ల పిల్లను తీసుకుని, కూలి మానుకుని, తల్లి ఆధార్ సెంటర్ల చుట్టూ తిరుగుతోంది.

4. ఇందులో ఎక్కువ నలిగేది ఆడవాళ్లు. పదో తరగతి సర్టిఫికెట్టు పుట్టింటి ఇంటిపేరుతో, పెళ్లయ్యాక రేషన్ కార్డు అత్తింటి ఇంటిపేరుతో, ఓటరు కార్డులో భర్త పేరు తగిలించి, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాలతో. వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఒక్కో దశలో లోకం ఆమెను ఏమని పిలిచిందో ఆ కాగితాలు చెబుతాయి. మీ యంత్రం మాత్రం నలుగురు వేర్వేరు ఆడవాళ్లని అంటోంది. పైగా మా పేర్ల చివర వచ్చే లక్ష్మి, దేవి, కుమారి, రాణి అన్నీ లాస్ట్ నేమ్‌లైపోయాయి. భర్త ‘రావు’, భార్య ‘దేవి’, కొడుకు ‘తేజ’. ఒక ఇంట్లో ముగ్గురు, మూడు వంశాలుగా నమోదయ్యారు. ఆస్పత్రిలో బీమా క్లెయిముకు కూర్చున్నప్పుడో, భర్త పోయాక పింఛనుకు కూర్చున్నప్పుడో ఈ తేడా బయటపడుతుంది. అంటే ఆమె ఏ కాగితమూ పట్టుకుని తిరగలేని రోజునే. అప్పుడు ఆమెను నువ్వు నువ్వేనని రుజువు చేసుకో అంటారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండేసార్లు. చిన్నప్పుడు అక్షరం తప్పు పడితే ఒకటి, పెళ్లికి ఒకటి. విడిపోతే? మళ్లీ పెళ్లి చేసుకుంటే? సాధారణ దారి అక్కడితో మూసుకుపోతుంది.

5. తెలుగు లిపిలో పేరు చెడిపోవడం. తెలుగు టీచర్‌గా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పేరు ముందు ఇంగ్లీషులో కొట్టించుకుంటారు, దాని నుంచి తెలుగు అక్షరాలను యంత్రమే తయారుచేసుకుంటుంది. ఇంగ్లీషులో త, ట రెండింటికీ ఒకే అక్షరం. ద, డ అంతే. ల, ళ అంతే. ‘కోట’ వారు ‘కోత’ వారైపోతున్నారు, ‘మాధవి’ ‘మదవి’ అవుతోంది. తన పేరు తనకు నోటికి తెలుసు, రాయడం తెలుసు, ఇంగ్లీషు మాత్రం రాదు. అలాంటి మనిషికి తన పేరును తప్పుగా అచ్చువేసి ఇచ్చి, ఇదే నీ గుర్తింపు అంటున్నాం.

తప్పంతా మీదేనని నేననను. మా టీచర్ల దగ్గరా ఉంది. గీతలో చోటు మిగుల్చుకోవడానికి ఇంటిపేరును పొడి అక్షరం చేసిన సంవత్సరాలున్నాయి. ‘వెంకట’ను వదిలేసిన పేర్లున్నాయి. ఆ రోజుల్లో అది తప్పుగా తోచలేదు. ఊళ్లో అందరూ ఆ మనిషిని ఎరుగుదురు, కాగితం గుర్తుకు మాత్రమే ఉండేది. ఇప్పుడు కాగితమే మనిషైంది. ఆ రోజు నేను కుదించిన అక్షరం వల్ల ఇవాళ ఎవరి ఉద్యోగమైనా ఆగి ఉంటే వాళ్లను క్షమాపణ అడుగుతున్నాను. మీరు చేస్తున్న పొరపాటు మాత్రం రోజుకు లక్షల ఫారాల మీద పడుతోంది.

ఈ ఇబ్బంది తెలుగువాళ్లకే కాదు. తమిళుల పొడి అక్షరం తండ్రి పేరుది, మన పొడి అక్షరం ఇంటిపేరుది. పైకి ఒకేలా కనబడతాయి, విప్పితే వేర్వేరు. ఇండోనేషియా మొదటి ఇద్దరు అధ్యక్షులు సుకర్ణో, సుహార్తోలకు ఉన్నది ఒక్కొక్క పేరే. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అనే మాట చేర్చుకుంటారు, అక్కడి అచ్చు టెలిఫోన్ డైరెక్టరీ పెట్టిన పేర్ల వరసలో ఉండేది. హంగరీలో, చైనాలో, కొరియాలో మనలాగే ఇంటిపేరు ముందు. జపాన్ వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు చాలాకాలం తిరగేసి రాశారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇంటిపేరే ముందుండాలని వాళ్ల ప్రభుత్వం నిర్ణయించింది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ, పేరును ముక్కలుగా అడగాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో ముందు ఆలోచించుకోండని తయారీదారులకు సలహా ఇచ్చింది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ పద్ధతిలో అందరి పేర్లూ ఇమడవని బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్లు తయారుచేసేవారికి ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. ఇవి మీరు చదవనివి కావు.

మోసాలు జరగకుండా ఉండాలంటే పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి కదా అని మీరనవచ్చు. నేను చూసినంతలో సంగతి తలకిందులుగా ఉంది. దొంగ దగ్గర మీ కార్డు జిరాక్సు ఉంటుంది. వాడు చూసి, చుక్క కూడా వదలకుండా కొడతాడు. యంత్రం వాణ్ణి చక్కగా లోపలికి పంపిస్తుంది. అసలు మనిషి తన పేరును తనకు అలవాటైనట్టు రాసుకుంటుంది. శ్రీనివాస్‌లో ‘ఐ’ ఒకటి పెట్టాలా, ‘ఇ’లు రెండు పెట్టాలా, లక్ష్మికి ‘కె.ఎస్.హెచ్.’ రాయాలా ‘ఎక్స్’ రాయాలా, సుబ్బారావు కలిపి రాయాలా విడదీయాలా అనేది ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. ఆగిపోయేది ఆమె.

కాబట్టి మా కోర్కెలు ఇవి.

1. పేరుకు ఒకటే గడి పెట్టండి. మీ రికార్డులో పేరెలా ఉందో, ఎలా పిలిపించుకోవడం మాకిష్టమో వేర్వేరుగా అడగవలసి వస్తే అడగండి. కానీ పేరును మా చేత కోయించవద్దు.

2. పాస్‌పోర్టు, విమానం టికెట్ల వంటి చోట అంతర్జాతీయ నిబంధనల వల్ల రెండు గడులు తప్పవని ఒప్పుకుంటాను. అక్కడ ఫస్ట్, లాస్ట్ అనే మాటలు తీసేసి ‘ఇంటిపేరు’, ‘పెట్టిన పేరు’ అని తెలుగులో రాయండి. కింద ఒక నమూనా చూపండి. పంపే ముందు, “మీ కార్డు మీద పేరు ఇలా అచ్చవుతుంది, సరేనా?” అని పెద్ద అక్షరాల్లో చూపించి అడగండి. ఈ ఒక్క తెర ఉంటే నా అరుగు మీదకు వచ్చేవాళ్లలో సగంమంది రానక్కర్లేదు.

3. పేర్లు పోల్చే పద్ధతి మార్చండి. మాటల వరస మారినా, మధ్యలో ఖాళీ ఉన్నా లేకపోయినా, చుక్కలున్నా లేకపోయినా, పొడి అక్షరం విప్పి రాసినా అది ఒక మనిషి పేరే. నామినల్ రోల్స్ సరిచూసేటప్పుడు మేము తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు కలిపి చూసేవాళ్లం. మీ దగ్గర ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది, ముఖం ఫొటో ఉంది. ఇన్ని కలిశాక ఒక చుక్క దగ్గర మనిషిని ఆపవద్దు. నిజంగా అనుమానం వస్తే తిరగ్గొట్టకుండా ఒక మనిషి చేతికి పంపండి.

4. ప్రతి ఫారంలో ‘పూర్వపు పేరు’ అని ఒక గడి ఉండాలి. పెళ్లి వల్ల, చదువు సర్టిఫికెట్ల వల్ల ఉన్న పాత పేర్లను ఒకసారి రుజువు చేసుకుంటే అది అన్ని చోట్లా చెల్లాలి. భర్త పోయాక ప్రతి ఆఫీసులో మళ్లీ కొత్తగా స్టాంపు పేపరు కొనిపించవద్దు.

5. తెలుగు పేరును తెలుగులోనే ముందు తీసుకోండి. యంత్రం తయారుచేసిన తెలుగును మనిషి చూసి ఒప్పుకోనిదే అచ్చువేయవద్దు. మీరు తప్పు అచ్చువేసిన పేరును సరిచేసినప్పుడు దాన్ని ఆధార్‌లో ఉన్న ఆ రెండు అవకాశాల లెక్కలో వేయవద్దు.

6. తిరస్కరిస్తే ఏ మాట దేనితో కలవలేదో, ఏ కాగితం తెస్తే సరిపోతుందో తెలుగులో రాసి ఇవ్వండి. ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అన్న రెండు ముక్కలు జవాబు కాదు. ఫిర్యాదు చేసిన మనిషి సరేననకుండా ‘పరిష్కారమైంది’ అని మూసేయవద్దు. తన సమాచారంలో తప్పుంటే సరిచేయించుకునే హక్కు పౌరులకుందని 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే చెబుతోంది. ఆ హక్కును వాడుకోవడానికి కౌంటర్లో ఒక కుర్చీ, అందులో అధికారం ఉన్న మనిషి కావాలి.

కౌంటర్లో కూర్చున్నవారి గురించి ఒక మాట. వాళ్ల మీద కోపం తీర్చుకోవద్దని మా దగ్గరకు వచ్చేవాళ్లకు నేను చెబుతుంటాను. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టే తెలివి, గుర్తుపట్టానని రాసి సంతకం పెట్టగల ధైర్యం వాళ్లకున్నాయి. అలా రాసే గడిని మీరు వాళ్లకు ఇవ్వలేదు. కౌంటర్ తెరమీద ‘ఈ వ్యక్తి నాకు రుజువైంది’ అన్న మీట ఒకటి పెట్టి, నొక్కినవారి పేరు నమోదు చేయండి. బాధ్యత వాళ్లు తీసుకుంటారు.

ఈ లేఖ ప్రతులను స్పీడ్ పోస్టులో సంబంధిత శాఖలకు, సంస్థలకు పంపుతున్నాను. ఏ కోర్కె ఎప్పటికి తీరుస్తారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో 60 రోజుల్లో తెలుగులో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. పరీక్షకు మనుషులు కావాలంటే మా అరుగుకు రండి. ఏ సాయంత్రం వచ్చినా పదిమంది ఉంటారు. మీ కొత్త ఫారం వాళ్ల చేత నింపించి చూడండి.

నా ఐదో దరఖాస్తు వచ్చే సోమవారం పెడుతున్నాను. అవే కాగితాలు, అదే పేరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని